ప్రభుత్వం మారితే అవ్వ పింఛను ఏమవుతుంది?

నెల ఒకటో తారీఖు వస్తే మన వాడల్లో తెల్లవారకముందే ముసలివాళ్లు అరుగుల మీద కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని, బొటనవేలు తుడుచుకుంటూ ఉంటారు. కలుపు తీసి, వరి కోసి, మట్టి మోసిన వేళ్లకు గీతలు అరిగిపోయాయి. మిషన్ ఆ వేలిని గుర్తుపడుతుందా లేదా అన్నది వాళ్ల మొదటి భయం. ఎన్నికల ఏడాది దీనికి ఇంకో భయం తోడవుతుంది: వచ్చే సర్కారు పింఛను ఉంచుతుందా, తీసేస్తుందా?

ఈ రెండో భయానికి కారణం ఉంది. ప్రభుత్వం మారినప్పుడు పింఛనులో నాలుగు మారతాయి. పేరు, మొత్తం, ఇచ్చే చెయ్యి, జాబితా. ఒక్కొక్కటీ చూద్దాం.

పేరు, మొత్తం

ఆంధ్రప్రదేశ్‌లో 2014లో తెలుగుదేశం ప్రభుత్వం రూ.200 పింఛనును రూ.1000 చేసి ఎన్‌టీఆర్ భరోసా అని పేరు పెట్టింది. 2019 ఎన్నికల ముందు అదే ప్రభుత్వం దాన్ని రూ.2000 చేసింది. ఆ ఏడాది మే 30న జగన్‌మోహన్ రెడ్డి ప్రమాణ స్వీకారం చేస్తూ రూ.2250 చేశారు. పథకం వైఎస్సార్ పెన్షన్ కానుక అయింది. మెట్లు మెట్లుగా పెరిగి 2024 జనవరికి రూ.3000కు చేరింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే రూ.4000 అయింది, పాత పేరు తిరిగొచ్చింది. జూలై 1న మూడు నెలల పెంపు బకాయితో కలిపి రూ.7000 చేతిలో పెట్టారు.

ఇక్కడ పోటీ వల్ల మనవాళ్లకు మేలే జరిగింది. కానీ తెలంగాణ చూడండి. 2014లో ఆసరా పేరుతో రూ.1000 అయిన పింఛను 2019లో రూ.2016 అయింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ చేయూత పేరుతో రూ.4000, వికలాంగులకు రూ.6000 ఇస్తామని చెప్పి గెలిచింది. 2025 మార్చిలో పెట్టిన బడ్జెట్ నాటికి కూడా అవ్వలకు అందుతున్నది ఆ రూ.2016 మాత్రమే. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగులు, వృద్ధులు, వితంతువులు రోడ్డెక్కింది ఇందుకే.

ఢిల్లీ సంగతి ఇంకా అన్యాయం. జాతీయ వృద్ధాప్య పింఛను పథకం 1995లో మొదలైంది. 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు కేంద్రం ఇచ్చే వాటా ఇవాళ్టికీ నెలకు రూ.200. ఎనభై దాటితే రూ.500. 2014లో కేంద్రంలో ప్రభుత్వం మారింది, ఈ అంకె మారలేదు.

ఇచ్చే చెయ్యి

ఆంధ్రలో 2020 నుంచి వాలంటీర్లు ఇంటికొచ్చి ఇచ్చేవాళ్లు. 2024 ఎన్నికల ముందు వాలంటీర్లను ఈ పని నుంచి దూరం పెట్టాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో ముసలివాళ్లు ఎండలో సచివాలయాల దగ్గర నిలబడ్డారు. మేలో చాలామంది బ్యాంకుల దగ్గర పడిగాపులు కాశారు. పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఎన్నికల తర్వాత సచివాలయ ఉద్యోగులు మళ్లీ ఇంటికొచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. నడుమ నలిగిపోయింది మాత్రం ముసలివాళ్లు.

జాబితా, పన్ను

అన్నిటికంటే ప్రమాదం జాబితాతోనే. మొత్తం పెంచినప్పుడు పేపర్లో మొదటి పేజీ వార్త వస్తుంది. పేరు తీసేసినప్పుడు సచివాలయం గోడకు కాగితం అంటిస్తారు, అంతే. ఆంధ్రలో కుటుంబ ఆదాయం, భూమి, కరెంటు వాడకం, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, అన్నీ చూసి అర్హత తేలుస్తారు. నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు దాటితే పింఛను పోతుంది. 2025లో వికలాంగుల సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించి నోటీసులిచ్చారు. గొడవ అయ్యాక అప్పీలు చేసుకున్న వాళ్లకు ఇస్తామన్నారు.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లుంటే పింఛనుకు అనర్హత. వాడలో మొదటిసారి ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల పేరు ఇంకా అమ్మ రేషన్ కార్డులోనే ఉంటుంది. ఆ పిల్ల పన్ను అమ్మ పింఛనుకు ఎసరు పెడుతుంది. రిటర్ను వేయడం, పన్ను కట్టడం ఒకటి కాదు. పన్ను కట్టకుండా రిటర్ను మాత్రమే వేసి, ఆ కారణంతో పేరు పోతే ఆ కాగితాలు చూపించి అడగాలి.

ఇక పన్నుల మార్పులు ఎవరికి మేలు చేస్తాయి? 2025 కేంద్ర బడ్జెట్‌లో కొత్త విధానం కింద రూ.12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదన్నారు. రిటైరైన ఉద్యోగికి అది ఊరట. నెలకు రూ.2016తో బతికే అవ్వకు అందులో పైసా లేదు. అలాగని ఆమె పన్ను కట్టడం లేదా? సబ్బు కొన్న ప్రతిసారీ కడుతూనే ఉంది. 2025 సెప్టెంబరు దాకా ఒంటి సబ్బు మీద జీఎస్‌టీ 18 శాతం, తర్వాత 5 శాతం. ఈ రేట్లు కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్‌టీ మండలిలో తేలతాయి. అక్కడ మనవాళ్ల మాట వినిపించేదెవరు? ఒక చేత్తో ఇచ్చిన పింఛనులో కొంత ఇంకో చేత్తో వెనక్కి పోతోంది.

కానుకా, హక్కా?

1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగి పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని తేల్చింది. బాబాసాహెబ్ సారథ్యంలో తయారైన రాజ్యాంగం 41వ అధికరణలో వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం గురించి చెప్పింది. కానీ అది ఆదేశిక సూత్రం, దాని ఆధారంగా నేరుగా కోర్టుకు వెళ్లలేం. కాబట్టి కచేరీలో పనిచేసినవాడి పింఛను హక్కయింది, ఆ కచేరీ ఊడ్చిన కూలి మనిషి పింఛను కానుకైంది. కానుక ఎవరిస్తే వాళ్ల పేరే ఉంటుంది. జీవోతో ఇచ్చినదాన్ని జీవోతోనే మార్చొచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఎస్సీ లబ్ధిదారులకు ఇచ్చే పింఛనును ప్రభుత్వాలు ఎస్సీ ఉపప్రణాళిక ఖర్చులో చూపిస్తున్నాయి. అందరికీ ఇచ్చే పింఛనే మనకూ ఇచ్చి, దాన్ని మన ప్రత్యేక నిధి లెక్కలో రాస్తున్నారు. పింఛను పెరిగినకొద్దీ కాగితం మీద దళితుల ఖర్చు పెరుగుతుంది. వాడకు రోడ్డు, భూమి, హాస్టలు మాత్రం పెరగవు.

దారి లేకపోలేదు. రాజస్థాన్ 2023లో కనీస ఆదాయ హామీ చట్టం చేసింది. పింఛను ఏటా 15 శాతం పెరగాలని అందులో రాసింది. అదే ఏడాది డిసెంబరులో అక్కడ ప్రభుత్వం మారింది. చట్టం ఉన్నంత మాత్రాన అమలవుతుందని కాదు, కొట్లాడక తప్పదు. కానీ చట్టం ఉంటే దాన్ని పట్టుకుని నిలదీయొచ్చు. జీవో ఉంటే దండం పెట్టాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి. రెండు తెలుగు రాష్ట్రాల్లో పింఛను హక్కు చట్టం రావాలి. ధరలతో పాటు పింఛను దానంతటదే పెరగాలి. కేంద్రం తన రూ.200 మార్చాలి. ముందు నోటీసు, రాతపూర్వక కారణం, అప్పీలు లేకుండా ఒక్క పేరూ తీయకూడదు. సాధారణ పింఛను ఉపప్రణాళిక లెక్కలోకి రాకూడదు.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగింది ఉంది. మన వాడలో పింఛను ఆగిన వాళ్ల జాబితా మనమే రాద్దాం. కారణం రాసిమ్మని సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుందాం. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడుగుదాం. ఏ పార్టీ గెలిచినా, ఒకటో తారీఖున అవ్వ భయం లేకుండా అరుగు మీద కూర్చోవాలి.