చెదరిన ఎక్స్-కిరణములు – రొమ్ము కాన్సరు పరీక్ష

ఎక్స్-కిరణములతో తీసిన చిత్రము నిజమునకు ఒక నీడ. ఎముక కిరణములను ఎక్కువగా పీల్చుకొనును, మాంసము తక్కువగా పీల్చుకొనును. కనుకనే విరిగిన ఎముకను గుర్తించుట సులభము. రొమ్ములో ఈ సౌలభ్యము లేదు. అందులో ఉండునవి కొవ్వు, పాలగ్రంథులు, వానిని పట్టియుంచు నారపోగులు. కాన్సరు గడ్డ కిరణములను పీల్చుకొను తీరు గ్రంథుల తీరునకు మిక్కిలి దగ్గర. గ్రంథులు దట్టముగానున్న స్త్రీలలో, ముఖ్యముగా చిన్నవయసువారిలో, గడ్డ తెల్లని నీడలో తెల్లని మచ్చయై దాగిపోవచ్చును. మరికొందరిలో అనుమానము కలిగించిన మచ్చ, సూదితో ముక్క తీసి పరీక్షించిన పిదప, హానిలేనిదని తేలును. ఆ ఫలితము వచ్చువరకు ఆమె పడు ఆందోళన తక్కువది కాదు.

శరీరములో ప్రవేశించిన కిరణములలో కొన్ని దారి మళ్లి ప్రక్కలకు చెదరును. ఇవి చిత్రముపై పడి మంచువలె క్రమ్ముకొనును. వీనిని అడ్డగించుటకై గుస్తావ్ బకీ 1913లో సీసపు రేకుల జాలకమును కల్పించెను. నేటికీ ఇట్టి జాలకములు వాడుకలో నున్నవి. అయితే ఇట్లు పారవేయుచున్న కిరణములలో ఉపయోగకరమైన సమాచారము లేదా?

చెదరుట ముఖ్యముగా రెండు విధములు. ఎలక్ట్రానును ఢీకొని కొంత శక్తిని కోల్పోవుట ఒకటి; దీనిని 1923లో కాంప్టన్ వివరించెను. రెండవదానిలో శక్తి నష్టము లేదు. పొరుగు అణువులనుండి చెదరిన తరంగములు ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని కోణములలో బలపడును, కొన్నింటిలో అణగిపోవును. స్ఫటికములలో దీనిని లావే 1912లో కనుగొనెను. మెత్తని కణజాలము స్ఫటికము కాదు గదా అని సందేహము రావచ్చును. ద్రవములలో అణువులు వరుస తీరి ఉండకున్నను, పొరుగు అణువుల నడుమ సగటు దూర మొకటి ఉండును; అది వెడల్పైన వలయమును కలిగించును. రామన్, రామనాథన్‌లు 1923లో కలకత్తానుండి ప్రకటించిన వ్యాసములో ఈ విషయమునే చర్చించిరి.

గొడుగు గుడ్డలోనుండి దూరపు దీపమును చూచిన విద్యార్థికి ఈ సూత్రము తెలియును: నేత ఎంత సన్ననిదైన, వెలుగు అంత ఎక్కువగా విచ్చుకొనును. కొవ్వులోని అణువుల గొలుసుల నడుమ ఎడము ఎక్కువ. గ్రంథులలోను, గడ్డలోను నీటిపాలు హెచ్చు. నీటి అణువుల ఎడము తక్కువ. మాలిబ్డినము ఇచ్చు 0.071 నానోమీటరు తరంగదైర్ఘ్యముగల కిరణములతో కొవ్వు వలయము సుమారు 9 డిగ్రీల వద్ద, నీటిని పోలిన వలయము సుమారు 13 డిగ్రీల వద్ద ఏర్పడును. నీడలో స్వల్పమైన భేదము ఇక్కడ స్పష్టమగును.

చిక్కు ఇంకొకటి కలదు. గడ్డకు కొవ్వుకు గల భేదము తేటగా కనబడినను, గడ్డకు గ్రంథులకు గల భేదము సూక్ష్మము. వక్రరేఖ ఆకారమును జాగ్రత్తగా పోల్చవలెను. నారపోగులలోని కొల్లాజెన్ కొంత తోడ్పడవచ్చును. దాని అమరిక సుమారు 65 నానోమీటర్ల కొకసారి పునరావృతమగును. కాన్సరు చొచ్చుకొనిపోయినచోట ఆ క్రమము చెడును. కాని ఆ చెదరుట డిగ్రీలో పదవవంతుకన్న తక్కువ కోణములో జరుగును. దానిని కొలుచుటకు సింక్రోట్రాన్ వంటి తీవ్రమైన కిరణజనకము అనువైనది.

పైగా శక్తి కోల్పోకుండ చెదరు కిరణములు కొద్దిపాటివి. వేర్వేరు లోతులనుండి వచ్చినవి కలిసిపోవును. సన్నని కిరణపుంజముతో రొమ్మునంతను చుక్క చుక్కగా పరీక్షించిన కాలము పెరుగును, శరీరమునకు తగులు కిరణముల మోతాదు కూడ పెరుగవచ్చును. అందుచే ఈ పద్ధతి నేటికీ సాధారణ వైద్యపరీక్షగా మారలేదు. కోసి తీసిన కణజాలపు ముక్కలపైననే ఎక్కువ ప్రయోగములు జరిగినవి. అక్కడ మోతాదు భయము లేదు, ముక్కను కావలసినంత పలుచగా కోయవచ్చును. గడ్డ అంచు వరకు పూర్తిగా తొలగినదా లేదా అని శస్త్రవైద్యునకు తెలుపు పని ముందుగా దీనికి దక్కవచ్చును.