తిన్నది ఒంటికెందుకు పట్టదు?

పాడేరు వైపు ఒక ఇంట్లో ఇరవై ఆరేళ్ల అమ్మాయి నన్నడిగింది: "పథ్యం లేనప్పుడు మా అన్నతో సమానంగా తింటాను మేడం. మరి నాకే ఒళ్లెందుకు పట్టదు?"

ఆమెకు సికిల్ సెల్ జబ్బు. ముందున్న కంచంలో అన్నం, పల్చటి మజ్జిగ, అంతే. కళ్లు పచ్చబడ్డాయని, కామెర్లనుకుని ఇంట్లోవాళ్లు పసరు తాగించారు. పప్పు, గుడ్డు, నూనె మాన్పించి మూడు వారాలైంది.

మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్‌లో హిమోగ్లోబిన్ ప్రాణవాయువును వదలగానే పోగులు కట్టి, కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. వంగుతూ, విచ్చుకుంటూ ఆ కణం 10, 20 రోజుల్లోనే చితికిపోతుంది. పోయినవాటి స్థానంలో కొత్తవి పుట్టించడానికి ఎముక మూలుగ రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఉంటుంది. రక్తం పల్చబడిందని గుండె కూడా ఎక్కువ తోడాలి. అందుకే మంచం మీద ఊరికే పడుకున్నా ఈ ఒంట్లో ఖర్చు ఆగదు. అన్న తిన్నది అన్న ఒంటికి చాలుతుంది. చెల్లెలు తిన్నదాంట్లో కొంత రక్తం తయారీకే పోతుంది. (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సికిల్ జన్యువు, మరొకరి నుంచి మామూలు జన్యువు వచ్చినవాళ్లకు ఈ లెక్క వర్తించదు.)

కళ్ల పసుపు కూడా అక్కడిదే. చితికిన కణాల నుంచి వచ్చే బిలిరుబిన్ అది. పథ్యంతో పోదు సరికదా, కొత్త కణాలకు కావాల్సిన సరుకునే పథ్యం ఆపేస్తుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అయితే పసుపు ఉన్నట్టుండి ముదిరినా, జ్వరం వచ్చినా, కుడి డొక్కలో నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ జబ్బులో పిత్తాశయంలో రాళ్లు సాధారణం.

మరి ఎలా తినాలి? రెండు పూటలా కడుపు బిగిసేలా తినడం కాదు, మధ్యలో ఇంకో రెండుసార్లు చేయి నోటికి వెళ్లాలి. ఒక గుడ్డు, ఒక అరటిపండు. కుదరకపోతే గుప్పెడు వేరుశనగ పలుకులు. పప్పు రోజూ ఉండాలి. ఉలవలు, అలసందలు, చేపలు, మాంసం ఏది దొరికితే అది. కొత్త కణానికి ఫోలేట్ తప్పనిసరి. అది ఆకుకూరల్లో, పప్పుల్లో ఉంటుంది, కానీ తోటకూర ఉడికించి నీళ్లు వారిస్తే ఆ నీళ్లతోనే చాలావరకు పోతుంది. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర, హైడ్రాక్సీయూరియా మానకూడదు. తిండి వాటికి బదులు కాదు.

ఈ జబ్బు వల్ల నొప్పి లేచిన రోజుల్లో ముద్ద దిగదు. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎక్కువై కండ కరిగేది కూడా అప్పుడే. అందుకే పాలు పోసిన రాగి జావ గంటకో గుక్క పట్టించాలి. నొప్పి తగ్గిన వారం రోజులూ ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి.

"రాత్రి నాలుగుసార్లు లేవాలి మేడం, అందుకే సాయంత్రం నుంచి నీళ్లు మానేశాను" అంది. ఈ జబ్బులో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. తాగినా తాగకపోయినా పోతూనే ఉంటుంది. ఒళ్లు ఎండితే కణాలు ఇంకా తేలిగ్గా వంగుతాయి, నొప్పి లేస్తుంది. గుండె, మూత్రపిండాల ఇబ్బందితో డాక్టరు నీళ్లు తగ్గించమంటే తప్ప, చెంబు మంచం పక్కనే ఉండాలి.

ఇంతలో వాళ్లమ్మ గూట్లోంచి ఐరన్ మాత్రల అట్ట తీసింది. "రక్తం తక్కువ కదమ్మా, ఇవి వెయ్యనా?" ఆ పిల్లకు ఇప్పటికి ఆరుసార్లు రక్తం ఎక్కించారు. ఒక్కో సంచిలో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు. అది కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది. ముందు ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్ష రాయమని డాక్టరును అడగండి, ఇనుము తక్కువని తేలితేనే మాత్ర అన్నాను. ఆమె అట్టను గూట్లో పెట్టేసి, డబ్బాలోంచి రెండు గుప్పిళ్ల కందిపప్పు తీసి కడగడం మొదలుపెట్టింది.