బిడ్డకు పంపే కారం డబ్బా



హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో పల్లెల నుండి వచ్చిన పిల్లలు ఎంతోమంది గదులు అద్దెకు తీసుకొని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నారు. పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో చదువు. రాత్రికి గదిలో ఒక చిన్న పొయ్యి, ఒక కుక్కర్. అన్నం వండుకుంటారు, పప్పు ఉడకేసుకుంటారు. ఆ రెండింటికీ ఇంటి రుచి తెచ్చేది మాత్రం అమ్మ బస్సులో పంపిన కారం డబ్బాయే.

మరి ఆ డబ్బాలో మనము ఏమి నింపి పంపుతున్నాము? ఘాటు ఎంత ఎక్కువైతే కారం అంత మంచిదని చాలామంది తలంపు. ఇది పొరపాటు. నోరు మండించేది వేరు, కూరకు కమ్మదనం ఇచ్చేది వేరు. ఈ తేడా తెలుసుకుంటే అదే ఖర్చుతో ఎంతో మంచి కారం చేసుకోవచ్చు.

ఒక కాయ, మూడు గుణాలు

మిరపకాయలో మంట, రంగు, వాసన అని మూడు గుణాలున్నాయి. మంటకు కారణమైన పదార్థం పేరు క్యాప్సైసిన్. అది గింజల్లో పుడుతుందని అనుకుంటాము గాని, నిజానికి గింజలను పట్టి ఉంచే లోపలి తెల్లని భాగంలో పుట్టి గింజలకు అంటుకుంటుంది. ఎర్రని రంగు కాయ తోలులో ఉంటుంది. గనుక ఇంట్లో పెద్దవారికో చిన్నపిల్లలకో మంట పడకపోతే, కొన్ని కాయలను చీల్చి గింజలు, లోపలి ఈనెలు తీసివేసి మిగిలిన కాయలతో కలపండి. మంట తగ్గుతుంది, రంగు తగ్గదు.

ఈ మూడు గుణాలూ ఒకే రకం కాయలో సమంగా ఉండవు. గుంటూరు సన్నం మంటకు పేరు పొందింది. తేజ రకం అంతకంటె ఘాటు. కర్ణాటకలోని బ్యాడగి కాయ ముడతలు పడి, ముదురు ఎరుపుగా ఉంటుంది, మంట తక్కువ. మన వరంగల్ చపాటా కాయ లావుగా ఉంటుంది, దానినే టమాటా మిర్చి అని కూడా అంటారు. మంచి రంగు, తక్కువ మంట దాని గుణం. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రెండు పాళ్ళు సన్నానికి ఒక పాలు చపాటా గాని బ్యాడగి గాని కలిపి చూడండి. కూర ఎర్రగా, చిక్కగా కనబడుతుంది, మంట తగ్గుతుంది.

ఎండలో తొందర వద్దు

వేసవి వచ్చిందంటే పిండి గిర్నీల ముందు మిరపకాయల సంచులు వరుస కడతాయి. అనుభవమున్న గిర్నీ మనిషి సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయను వంచి చూస్తాడు. అది విరగక వంగిందా, "అమ్మా, ఇంకా పదునున్నది. ఇంకొక ఎండ పెట్టి తీస్కరా" అని తిప్పి పంపుతాడు. ఆ మాటకు చిన్నబుచ్చుకోకండి. ఆయన మన మేలుకే చెప్పాడు.

తడి మిగిలిన కాయలో బూజు చేరుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం ఆ బూజులో పుట్టవచ్చు. అది కాలేయానికి హాని చేస్తుంది, మామూలు వంట వేడికి నశించదు. గనుక కాయలను వట్టి నేల మీద గాక శుభ్రమైన గుడ్డ మీదనో పట్టా మీదనో పలుచగా పరచండి. సాయంత్రం మంచు పడకముందే ఎత్తిపెట్టండి. రంగు వెలిసిన తాలుకాయలను, లోపల నల్లబడిన కాయలను ఏరి పారవేయండి. పోనీలెమ్మని ఒక గుప్పెడు కలిపితే డబ్బా అంతా చెడుతుంది. కాయ ఊపితే గింజలు గలగలలాడాలి, వంచితే పటుక్కున విరగాలి. అప్పుడే గిర్నీకి పంపాలి.

మరలో నుండి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. దానిని వెంటనే డబ్బాలో మూత పెడితే ఆవిరి పట్టి, వాసన పాడవుతుంది. పళ్ళెంలో పరచి, నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, గాలి చొరని జాడీలో పోయండి. వెలుతురు తగిలితే ఎరుపు వెలిసిపోతుంది గనుక చీకటి అల్మరాలో ఉంచండి.

కూర కారం చేసే విధము

సంవత్సరానికి సరిపడా వట్టి కారం నిలవ ఉంచుకొని, వెల్లుల్లి కలిపిన కూర కారం మాత్రం నెలకు సరిపడా చేసుకోవడం మంచిది. వెల్లుల్లిలో తడి ఉంటుంది గదా. పావుకిలో కారానికి ధనియాలు 100 గ్రాములు, జీలకర్ర 25 గ్రాములు, మెంతులు ఒక చెంచా, వెల్లుల్లి 50 గ్రాములు, తగినంత ఉప్పు తీసుకోండి. ధనియాలు, జీలకర్ర, మెంతులను సన్నని సెగ మీద విడివిడిగా దోరగా వేయించాలి. మెంతులు మాడితే కారమంతా చేదెక్కుతుంది. చల్లారాక దంచి, చివర వెల్లుల్లి చేర్చి, కారం కలపండి.

కూరలో వేసే సమయము కూడా ముఖ్యమే. మంట, రంగు ఈ రెండూ నూనెలో కరుగుతాయి, నీటిలో అంతగా కరగవు. ఉడుకుతున్న నీళ్ళలో కారం చల్లితే రంగు రాక, మనము మరో చెంచా వేస్తాము. అట్లా గాక, ఉల్లిపాయలు వేగిన తరువాత సెగ తగ్గించి, నూనెలో కారం వేసి, కొద్ది క్షణాలు కలిపి, మాడక మునుపే టమాటాలో నీళ్ళో పోయండి. తక్కువ కారంతోనే కూర ఎర్రగా తేలుతుంది.

మాంసం కూరకు మరో పద్ధతి ఉంది. ఎండుమిరపకాయలను కొద్దిగా వేయించి, వేడినీటిలో అరగంట నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆ ముద్దను నూనెలో వేయించాలి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మాంసంతో వండే 'చిల్లీ' కూరకు కూడా ఇదే కిటుకు వాడుతారు. 1977లో ఆ రాష్ట్రం దానిని తమ అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. అసలు మిరపకాయ పుట్టినిల్లు అమెరికా ఖండాలే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మన దేశం చేరింది. అంతకు ముందు మనవారికి ఘాటు ఇచ్చింది ముఖ్యంగా మిరియాలు.

ఎర్రనిదంతా మంచిది కాదు

కొన్న కారం మరీ ఎర్రగా మెరుస్తూ ఉంటే సంతోషించకండి. బట్టలకు, మైనానికి వాడే సూడాన్ అనే రంగు కారంలో కలుపుతున్నట్టు 2003లో ఫ్రాన్సులో బయటపడింది. మన దేశం నుండి వెళ్ళిన కారంలోనే దానిని కనుగొన్నారు. 2005లో ఇంగ్లండులో వందల రకాల తినుబండారాలను దుకాణాల నుండి వెనక్కి తీసుకున్నారు. ఒక గ్లాసు నీళ్ళ మీద చెంచా కారం చల్లి చూడండి. నీటిలో కరిగే రంగు కలిపి ఉంటే గీతలు గీతలుగా దిగుతుంది, ఇటుక పొడి ఉంటే అడుగుకు చేరి గరగరలాడుతుంది. అయితే సూడాన్ రంగు నీటిలో కరగదు. అది ఈ పరీక్షకు దొరకదు. గనుకనే కాయ కొని, కళ్ళతో చూసి, మన ముందే పట్టించుకోవడం క్షేమం.

ఈసారి పట్నానికి డబ్బా కట్టేటప్పుడు పెద్దది ఒకటి గాక చిన్నవి రెండు కట్టండి. ఒకటి వట్టి కారం, ఒకటి కూర కారం. మూత మీద పట్టించిన తేదీ రాయండి, తడి చెంచా పెట్టవద్దని బిడ్డకు చెప్పండి. చదివి చదివి అలసిపోయి గదికి వచ్చిన బిడ్డ వేడి అన్నంలో పప్పు, చెంచా నూనె, కొంచెం కూర కారం కలుపుకుంటే, ఆ పూట హోటలు కూడు అక్కరలేదు. ఆ ముద్దలో మంట కంటె కమ్మదనమే ఎక్కువగా ఉండాలి.