ఒక్క గింజతో మొదలు

చదరంగం బల్ల మీద పుట్టిన ఇరవై అంకెల సంఖ్య ఒకటి దాదాపు వెయ్యేళ్ల కిందటే తెలుగు పద్యమెక్కింది. ఆ సంఖ్య కడుపులో ఏముందో చూద్దాం రండి.

చదరంగం బల్ల ముందేసుకుని మొదటి గడిలో ఒక బియ్యపు గింజ పెట్టండి. రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... అలా రెట్టిస్తూ పొండి. మొదటి వరుస ముగిసేసరికి 255 గింజలు. గుప్పిట్లో పట్టేస్తాయి. రెండో వరుసకి మొత్తం 65,535. కిలోకి కాస్త పైన. ఇక 64 గళ్లూ నిండాలంటే 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావాలి. వెయ్యి గింజలు 20 గ్రాములనుకున్నా 36 వేల కోట్ల టన్నులు దాటుతుంది. భూమ్మీద రైతులందరూ సుమారు ఏడు వందల ఏళ్లు పండించాల్సిన బియ్యమది!

చంపకమాలలో ఒదిగిన రాశి

మహావీరాచార్యుడి 9వ శతాబ్దపు ‘గణితసార సంగ్రహా’న్ని తెనిగించిన పావులూరి మల్లన ఈ రాశిని ఒకే ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. అంకెకో మాట. బాణమంటే 5, వేదమంటే 4, అగ్ని అంటే 3, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు లెక్క నడుస్తుంది. మన్మథుడి ఐదు బాణాలతో మొదలై ఒంటి చంద్రుడితో ముగుస్తుంది. కాగితం కరవైన రోజుల్లో ఇరవై అంకెలు పొల్లుపోకుండా నోటికి వచ్చే ఏర్పాటది.

వరుస చెప్పే రహస్యం

ఇప్పుడు బల్లను మళ్లీ చూడండి. ఏ వరుసైనా దాని ముందు వరుసకు సరిగ్గా 256 రెట్లు. అంటే మొదటి వరుసను నిశ్శేషంగా భాగించే సంఖ్య ఏదైనా బల్ల మొత్తాన్నీ భాగిస్తుంది. 255 అంటే 3×5×17. రెండు వరుసలయ్యేసరికి 257 వచ్చి చేరుతుంది. నాలుగు వరుసలకు 65,537 చేరుతుంది. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఎనిమిది వరుసలకు చేరేది 4,29,49,67,297. ఇదీ ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641×67,00,417గా విడగొట్టి చూపించాడు. అలా మన రాశికి ఏడు ప్రధాన కారణాంకాలు, 128 భాజకాలు.

ఇరవై అంకెలు చూసి పిల్లలు జంకితే తప్పు వాళ్లది కాదు, ఆ సంఖ్య ఎలా పుట్టిందో మనం చూపించలేదు. ఈ ఆదివారం 255 గింజలు లెక్కపెట్టి వాళ్ల ముందు పోయండి. మూడేసి పేర్చమనండి, ఐదేసి పేర్చమనండి, పదిహేడేసి పేర్చమనండి. ఒక్క గింజా మిగలదు. మల్లన లెక్కించిన అంత పెద్ద రాశిని ఇలాగే పేర్చినా, ఒక్క గింజా మిగలదని వాళ్లే చెబుతారు.