స్నోబోర్డు అంతర్నిర్మాణం: వేగానికీ, పట్టుకూ మూలం

శీతకాలపు శనివారం ఉదయం పార్సిప్పనీ నుండి ఉత్తరంగా ససెక్స్ కౌంటీ వైపు వెళ్ళే కార్లలో తెలుగు కుటుంబాలవి కూడా ఉంటాయి. వెర్నన్‌లోని మౌంటెన్ క్రీక్ కొండవాలు మీద పిల్లలు స్నోబోర్డు నేర్చుకోవడం ఇక్కడ పెరిగే తరానికి సహజమైన వినోదం. తల్లిదండ్రులకు మాత్రం అది సమస్యతో మొదలవుతుంది. దుకాణంలో వరుసగా నిలబెట్టిన బోర్డులన్నీ చూపుకు ఒకే విధంగా ఉంటాయి. రంగులూ బొమ్మలూ వేరు, ధరలలో వ్యత్యాసం ఎక్కువ. ఖరీదైనదే బిడ్డకు మంచిదని భావించడం సహజం. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే బోర్డు లోపల ఏమున్నదో తెలియాలి.

స్నోబోర్డు పుట్టుకలో న్యూజెర్సీకి భాగమున్నది. 1963లో ఈ రాష్ట్రపు దక్షిణ భాగంలోని హాడన్‌ఫీల్డ్‌లో టామ్ సిమ్స్ అనే బాలుడు బడిలోని వడ్రంగం తరగతిలో ఒక పలక తయారుచేశాడు. నడుమ చెక్క, కాళ్ళు జారకుండా పైన తివాచీ ముక్క, మంచు మీద జారడానికి అడుగున అల్యూమినియం రేకు. 1965లో మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ రెండు స్కీలను జతకట్టి ‘స్నర్ఫర్’ అనే ఆటవస్తువును రూపొందించాడు. ఇటువంటి ప్రయత్నాల నుండి ఎదిగిన ఈ క్రీడ 1998 నగానో శీతకాల ఒలింపిక్ క్రీడలలో పోటీ అంశంగా స్థానం సంపాదించింది.

నేటి స్నోబోర్డు ఒకే పదార్థంతో చేసినది కాదు. పల్లెటూళ్ళలో గోడకు మట్టి కలిపేటప్పుడు గడ్డి వేయడం తెలిసినదే. మట్టి ఒత్తిడికి ఆగుతుంది, గడ్డి లాగుడుకు ఆగుతుంది. రెండూ కలిస్తే గోడ బీటలు వారదు. స్నోబోర్డులోనూ ఇదే సూత్రం. నడుమ చెక్క గుండె, దానికి పైనా కిందా గాజునార వస్త్రం, వాటిని అంటిపెట్టే ఎపాక్సీ జిగురు, అడుగున పాలిథీన్ పొర, చుట్టూ ఉక్కు అంచు. బోర్డు కొనలు పైకి లేచేటట్లు వంగినప్పుడు పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది. ఈ రెండు పొరలనూ ఎడంగా నిలిపి ఉంచడమే చెక్క చేసే ప్రధానమైన పని.

కాబట్టి చెక్క తేలికగానూ, నమ్మకంగానూ ఉండాలి. కొండపల్లి బొమ్మలకు తేలికైన తెల్లపొణికి కర్రను ఎన్నుకున్నట్లే స్నోబోర్డుకు పాప్లర్, ఆస్పెన్, పాలోనియా వంటి తేలిక కర్రలను ఎన్నుకుంటారు. బలం ఎక్కువ పడే చోట్ల బీచ్, ఆష్ వంటి గట్టి కర్రల పేళ్ళను, లేదా వెదురును చేరుస్తారు. ఇక్కడ మందం చాలా ముఖ్యం. పలక వంగకుండా ఎదిరించే శక్తి మందపు ఘనాన్ని బట్టి మారుతుంది. మందం రెట్టింపయితే ఆ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పదోవంతు పెరిగితే దాదాపు మూడోవంతు పెరుగుతుంది. అందువల్లనే చెక్కను పాదాల కింద మందంగా, కొనల వైపు పలుచగా చెక్కుతారు.

గాజునార విషయంలో పోగుల దిశ ప్రధానం. ఒక పంచెను పోగుల వెంబడి లాగితే సాగదు. మూలగా లాగితే సాగుతుంది. పోగులు నిలువుగా, అడ్డంగా మాత్రమే ఉన్న వస్త్రంతో చేసిన బోర్డు మెలి తిప్పితే కొంత సులభంగా తిరుగుతుంది. ఇది నేర్చుకునేవారి చిన్న పొరపాట్లను మన్నిస్తుంది. నిలువు పోగులతో పాటు 45 డిగ్రీల ఏటవాలు పోగులు కూడా చేరిస్తే మెలికకు లొంగదు. అంచుకు పట్టు పెరుగుతుంది, మన్నింపు తగ్గుతుంది. కార్బన్ నార గాజునార కంటె తేలిక, సాగుడును ఎదిరించడంలో సుమారు మూడు రెట్లు మిన్న. దానితో చేసిన బోర్డు చురుకుగా స్పందిస్తుంది.

అయితే తేలికగా, బిగువుగా ఉన్నదే పందెంలో గెలుస్తుందా? ఇక్కడే సాధారణమైన ఊహ తప్పుతుంది. న్యూజెర్సీ వాలుల మీద చాలావరకు యంత్రాలతో చేసిన మంచునే పరుస్తారు. అది పగలు కొంత కరిగి, రాత్రి గడ్డకట్టి, ఉదయానికి రాయిలా తయారవుతుంది. పందెపు వాలు కూడా గట్టిగానే ఉంటుంది. బోర్డును ఒక పక్కకు ఒరిగించినప్పుడు ఉక్కు అంచు మంచును కోసి నిలవాలి. బోర్డు విల్లులా వంగి మలుపును గీయాలి. గట్టి మంచు మీద వేగంగా వెళ్ళేటప్పుడు బోర్డు కంపిస్తుంది. కంపించిన ప్రతిసారీ అంచు క్షణకాలం మంచును వదులుతుంది. పట్టు తప్పిన బోర్డు పక్కకు జారుతుంది. జారినంత సేపూ వేగం వృథా అవుతుంది. తేలిక బోర్డును కంపింపజేయడం మరింత సులభం.

మోగుతున్న గుడిగంటను చేత్తో పట్టుకుంటే నాదం ఆగిపోతుంది. పందెపు బోర్డులో ఆ చేతి పనిని పలుచని రబ్బరు పొరలు చేస్తాయి. గట్టి పొరల మధ్య చిక్కిన రబ్బరు కంపనశక్తిని వేడిగా మార్చి అణచివేస్తుంది. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో పందెపు బోర్డులలోకి టైటనాల్ రేకులు ప్రవేశించాయి. పేరులో టైటానియం ధ్వనిస్తున్నా ఇది ప్రధానంగా అల్యూమినియం మిశ్రమలోహం. మిల్లీమీటరులో సగానికి మించని ఈ రేకు వస్త్రం వలె కాక అన్ని దిశలలోనూ ఒకే దృఢత్వం చూపుతుంది; దాని బరువు అలజడిని తగ్గిస్తుంది. దీనికీ మూల్యమున్నది. ఖరీదెక్కువ, బరువెక్కువ, హద్దు దాటి వంగితే తిరిగి మునుపటి ఆకృతికి రాదు. గెంతులకూ, విన్యాసాలకూ ఇది తగదు.

అడుగుపొర సంగతి వేరు. పాలిథీన్‌ను కరిగించి సాగదీసిన పొర చవక, మరమ్మతు సులభం. పొడిని వేడితో, ఒత్తిడితో అదిమి చేసిన పొర మైనాన్ని ఎక్కువగా పీల్చుకొని వేగంగా జారుతుంది. కాని తరచుగా మైనం పట్టించకపోతే ఆ ప్రయోజనం దక్కదు. జారుడు పెంచడానికి ఒకప్పుడు వాడిన ఫ్లోరిన్ మైనాలు పర్యావరణంలో నశించని రసాయనాలతో కూడినవి. అందుచేత అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 పోటీల నుండి వాటిని పూర్తిగా నిషేధించింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. పందెపు బోర్డు గట్టితనం దానిని వంచగల బరువూ, వేగమూ ఉన్నవారికే ఉపకరిస్తుంది. తేలికైన బిడ్డ కింద అది వంగదు, మలుపు తిరగదు. వెనుక అంచు హఠాత్తుగా మంచులో దిగబడి పడవేస్తుంది. చేతులాన్చి పడటం వల్ల కొత్తవారికి మణికట్టు గాయాలే ఎక్కువ. కనుక బిడ్డ బరువుకు తగిన మెత్తని బోర్డు, గాజునారతో చేసినది, మొదటి రెండు మూడు శీతకాలాలకు చాలును. గట్టితనానికి ముద్రించే అంకెలు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధంగా ఉంటాయి కనుక వాటిని పోల్చి లాభం లేదు. వాడిన బోర్డు కొనేవారు అంచుల వద్ద పొరలు విడిపోయాయేమో చూడాలి. ఆ సందులోకి చేరిన నీరు చెక్కను పాడుచేస్తుంది. ఇంటికి రాగానే అంచులు తుడిచి ఆరబెడితే తుప్పు పట్టదు. హెల్మెట్ విషయంలో ఎంపికకు తావులేదు: 18 ఏళ్ళలోపు వారికి దానిని తప్పనిసరి చేస్తూ 2011లోనే న్యూజెర్సీ శాసనం చేసింది.

హాడన్‌ఫీల్డ్ బాలుడు 1963లో వాడిన చెక్క, అల్యూమినియం నేటి పందెపు బోర్డులో కూడా ఉన్నాయి. నాడు జారడానికి అడుగున వేసిన రేకు నేడు పట్టు కోసం లోపలికి చేరింది. ఏ పదార్థం గొప్పదని కాక, అది ఎక్కడ, ఎవరి పాదాల కింద, ఏ మంచు మీద పనిచేయవలసి ఉన్నదని అడిగిన తల్లిదండ్రులకు దుకాణంలో తికమక ఉండదు.