బూజు గడ్డిలో దొరికిన మందు

పాడి పశువులను చంపిన గడ్డి నుండే మనుషుల ప్రాణాలు నిలిపే మందు పుట్టిందంటే సభ్యులకు వింతగా తోచవచ్చు. కాని ఇది నిజంగా జరిగింది. గుండె ఆపరేషను చేయించుకుని, నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకునేవారు నేడు మన గ్రామాల్లోనూ ఉన్నారు. ఆ మాత్ర చరిత్ర పశువుల కొష్టంలో మొదలయింది.

మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, పశువుకు జబ్బు చేస్తే ఏమి వాడారని అడుగుతుంటాము. రెండు రకాల జవాబులు వస్తుంటాయి. "ఆకు పసరే కదండీ, మంచి చేయకపోతే మానె, చెరుపు మాత్రం చేయదు" అనేవారు కొందరు. "పసర్లలో ఏముందండీ, ఉన్నదంతా సూదిమందులోనే" అనేవారు మరికొందరు. ఈ రెండు మాటలూ ఎందుకు సరికావో దిగువ వివరాలు చదివితే తెలుస్తుంది.

నెత్తురు ఆగని జబ్బు

అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ, కెనడాలోనూ చలికాలమంతా నేల మంచుతో కప్పబడి ఉంటుంది. అందుచేత అక్కడి రైతులు వేసవిలోనే గడ్డి కోసి, ఎండబెట్టి, నిలవచేసుకుంటారు. అందుకోసం స్వీట్ క్లోవర్ అనే మొక్కను పెంచేవారు. ఇది మన పిల్లిపెసర, లూసర్న్ వంటి కాయజాతి పశుగ్రాసమే. సారం లేని నేలలో కూడా బాగా పెరుగుతుంది. ఎండిన తరువాత కమ్మని వాసన వేస్తుంది. ఆ వాసన ఇచ్చే పదార్థం పేరు కుమరిన్.

1920 తరువాత ఆ ప్రాంతాలలో పశువులకు ఒక కొత్త జబ్బు కనిపించింది. కొమ్ములు కోయించినా, కోడెలకు విత్తులు తీయించినా నెత్తురు ఆగేది కాదు. ఏ గాయమూ లేకుండానే చర్మం క్రింద, కండలలో నెత్తురు చేరి గడ్డలు లేచేవి. బాగా తిరుగుతున్న పశువు ఉన్నట్టుండి కూలిపోయేది. మొదట దీనిని అంటువ్యాధి అనుకున్నారు.

రెండు కుందేళ్ళ పరీక్ష

కెనడాలోని ఒంటారియో పశువైద్య కళాశాలలో పనిచేసిన ఫ్రాంక్ స్కోఫీల్డ్ దీని మూలం కనిపెట్టారు. చచ్చిన పశువులన్నీ వాన తడికి పాడై బూజు పట్టిన క్లోవర్ గడ్డి తిన్నవేనని ఆయన గమనించారు. అయితే, గమనించినంత మాత్రాన రుజువు అయినట్లు కాదు. ఒకే వాము నుండి మంచి కాడలు వేరు, చెడిన కాడలు వేరు ఏరారు. మంచివి ఒక కుందేలుకు, చెడినవి మరొక కుందేలుకు మేపారు. మంచి కాడలు తిన్నది బాగానే ఉన్నది. చెడినవి తిన్నది నెత్తురు కారి చనిపోయింది.

ఇక్కడ సభ్యులు ఒక విషయం గమనించాలి. రెండు కుందేళ్ళూ తిన్నది ఒకే మొక్క, ఒకే పొలంలోనిది. తేడా అంతా బూజులో ఉన్నది. కాబట్టి "ఈ మొక్క మంచిది", "ఆ మొక్క విషం" అని ఒక్క మాటలో తేల్చడం కుదరదు. ఏ భాగం, ఏ స్థితిలో, ఎంత అన్న మూడు ప్రశ్నలు ఎప్పుడూ ఉంటాయి.

కొద్ది సంవత్సరాల తరువాత అమెరికాలోని నార్త్ డకోటాలో రోడెరిక్ అనే పశువైద్యుడు మరొక అడుగు వేశారు. ఈ పశువుల నెత్తురులో, గడ్డకట్టడానికి అవసరమైన ప్రోత్రాంబిన్ తగ్గిపోతున్నదని 1931 నాటికి తేల్చారు. గడ్డి మాన్పించి, ఆరోగ్యమైన పశువు నెత్తురు ఎక్కిస్తే జబ్బు పశువు కోలుకుంటుందని కూడా తెలిసింది.

పాల క్యానులో నెత్తురు

కారణం తెలిసినా నష్టం ఆగలేదు. అవి కరువు రోజులు. ఉన్న గడ్డిని పారవేసి వేరే మేత కొనే స్తోమత చాలామంది రైతులకు లేదు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు కార్ల్‌సన్ అనే రైతు మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు ట్రక్కు నడుపుకుంటూ మాడిసన్ నగరానికి వచ్చాడు. వెంట తెచ్చినవి మూడు: చచ్చిన పెయ్య ఒకటి, పాల క్యాను నిండా గడ్డకట్టని నెత్తురు, సుమారు 45 కిలోల పాడైన క్లోవర్ గడ్డి. ఆ రోజు శనివారం. ప్రభుత్వ పశువైద్యాధికారి కార్యాలయం మూసి ఉన్నది. తలుపు తెరిచి ఉన్న విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖకు వెళ్ళాడు. అక్కడ ఉన్న ఆచార్యుడు కార్ల్ పాల్ లింక్.

ఆనాడు లింక్ ఆ రైతుకు కొత్తగా ఏమీ చెప్పలేకపోయారు. గడ్డి మాన్పించు, వీలైతే నెత్తురు ఎక్కించు అన్న పాత సలహానే ఇచ్చి పంపారు. కాని ఆ క్యాను ప్రయోగశాలలో ఉండిపోయింది. ఆ నెత్తురును గడ్డకట్టనీయని పదార్థమేదో పట్టుకోవాలని ఆయన, ఆయన సహాయకులు పని మొదలుపెట్టారు.

ఆ రైతు తెచ్చిన మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సంగతి అర్థమయ్యేది కాదు. జబ్బు పశువు, దాని నెత్తురు, అది తిన్న మేత - మూడూ ఒకచోట చేరడం వల్లనే శాస్త్రజ్ఞులకు దారి దొరికింది. పరిశోధనలో రైతు వంతు పని అంటే ఇదే.

ఆరేళ్ళకు 6 మిల్లీగ్రాములు

గడ్డిలో వందలాది పదార్థాలు ఉంటాయి. ఒక్కొక్క సారం తీయడం, దానిని కుందేళ్ళకు పెట్టడం, వాటి నెత్తురు ఎంతసేపటికి గడ్డకడుతున్నదో లెక్కించడం - ఈ విధంగా ఆరు సంవత్సరాలు గడిచాయి. చివరకు 1939 జూన్‌లో హెరాల్డ్ కాంప్‌బెల్ అనే సహాయకునికి అసలు పదార్థం స్ఫటికాలుగా చిక్కింది. తూకం 6 మిల్లీగ్రాములు! మరుసటి సంవత్సరం దానిని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగారు. దానికి డైకుమరాల్ అని పేరు పెట్టారు.

కమ్మని వాసన ఇచ్చే కుమరిన్ నెత్తురును పలుచన చేయదు. గడ్డి తడిసినప్పుడు బూజు పెరిగి, ఆ కుమరిన్‌ను డైకుమరాల్‌గా మారుస్తుంది. స్కోఫీల్డ్ కుందేళ్ళ పరీక్షలో తేలిన విషయానికి కారణం ఈ విధంగా దొరికింది.

ఇదే కాలంలో మరొక పరిశోధన సాగింది. డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ డామ్ కోడిపిల్లల మేతను పరిశీలిస్తూ, నెత్తురు గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ 'కె'ని కనిపెట్టారు. 1939లో ఈ విటమిన్‌ను లూసర్న్ నుండి శుద్ధంగా తీశారు. డైకుమరాల్‌కు విరుగుడు ఈ విటమినే. ఒక పశుగ్రాసంలో రోగకారణం, మరొక పశుగ్రాసంలో దాని విరుగుడు!

ప్రయోగశాల నుండి ఆసుపత్రికి

ఆపరేషను తరువాత మంచం పట్టిన రోగులకు కాళ్ళ నరాలలో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం పోవడం కద్దు. అప్పటికి ఉన్న హెపారిన్ అనే మందును సూదితోనే ఇవ్వాలి. డైకుమరాల్‌ను నోటితో మ్రింగవచ్చు. 1941లో అమెరికాలోని మేయో క్లినిక్ మొదలైన చోట్ల వైద్యులు దీనిని రోగులపై పరీక్షించారు.

పరీక్షలో తేలినది "పనిచేస్తుంది" అన్న ఒక్క మాట కాదు. మందు వేసిన వెంటనే గుణం కనబడదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. మానివేసినా గుణం కొన్నాళ్ళు ఉంటుంది. ఒకరికి సరిపోయిన మోతాదు మరొకరికి ఎక్కువవుతుంది. ఎక్కువైతే లోపల నెత్తురు కారుతుంది. కనుక నెత్తురు పరీక్ష చేస్తూనే మందు ఇవ్వాలి. విషానికీ మందుకూ నడుమ గీత గీచినది ఈ లెక్కలే.

తరువాత లింక్ బృందం ఇదే జాతికి చెందిన మరింత బలమైన పదార్థం తయారుచేసింది. పరిశోధనకు అండగా నిలిచిన విస్కాన్సిన్ సంస్థ పేరులోని అక్షరాలను బట్టి దానికి వార్‌ఫరిన్ అని పేరు వచ్చింది. 1948లో అది ఎలుకల మందుగా విడుదలయింది. మనుషులకు ఇవ్వడానికి వైద్యులు జంకారు. 1951లో అమెరికా సైన్యంలో చేరిన ఒకతను చనిపోదామని ఈ మందు మ్రింగాడు. విటమిన్ 'కె' ఇచ్చి, నెత్తురు ఎక్కించగా పూర్తిగా కోలుకున్నాడు. విరుగుడు మనిషిలో కూడా పనిచేస్తుందని తెలియడంతో ధైర్యం వచ్చింది. 1954లో వార్‌ఫరిన్‌ను మనుషుల వైద్యానికి అనుమతించారు. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దీనిని ఇచ్చారు. శరీరంలో విటమిన్ 'కె' తిరిగి వినియోగంలోకి రాకుండా ఇది అడ్డుపడుతుందని 1978లో తేలింది. మందు వాడుకలోకి వచ్చిన తరువాత కూడా పరిశోధన సాగుతూనే ఉంటుందన్నమాట.

సభ్యులు గమనించవలసినవి

స్వీట్ క్లోవర్ మన గ్రామాల్లో సాగుచేసే గడ్డి కాదు. అయినా ఈ చరిత్ర నుండి మనం ఆచరణలో పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి.

1. బూజు పట్టిన మేత వేయరాదు. మన వరిగడ్డికి పట్టే బూజులు వేరు, వాటి విషాలు వేరు. బూజు వరిగడ్డి తిన్న గేదెలకు చెవులు, తోక కొన, కాళ్ళు కుళ్ళే డెగ్నాలా జబ్బు వస్తుంది. బూజు పట్టిన వేరుశెనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ పాలలోకి కూడా దిగుతుంది. ఎండబెట్టి దులిపినంత మాత్రాన ఈ విషాలు పోవు.

2. పొలంలో ఎలుకలకు పెట్టే బ్రోమడయోలోన్ కూడా వార్‌ఫరిన్ జాతిదే. ఎరలను పశువులకు, పిల్లలకు అందనీయరాదు. పశువు తిన్నదని అనుమానం వస్తే, జబ్బు బయటపడే వరకు ఆగక, మందు పొట్లంతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు వెళ్ళాలి. విటమిన్ 'కె' సకాలంలో పడితే పశువు దక్కుతుంది.

3. ఇంటిలో ఎవరైనా వార్‌ఫరిన్ గాని, అసెనోకుమరాల్ గాని వాడుతుంటే, డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు, ఆకుమందులు, కషాయాలు ఇవ్వరాదు. కొన్ని నెత్తురును మరీ పలుచన చేస్తాయి, కొన్ని మందు గుణాన్ని చెడగొడతాయి. ఆకుకూరల్లో విటమిన్ 'కె' ఉంటుంది గనుక వాటిని ఒక వారం మానివేసి, మరొక వారం విపరీతంగా తినడం పనికిరాదు. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. డాక్టరు చెప్పిన తేదీకి ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పక చేయించుకోవాలి.

4. నాటుమందు వాడితే దాచవద్దు. ఏ మొక్క, ఏ భాగం, ఎంత, ఎన్ని రోజులు అన్న వివరాలు ఒక కాగితంపై వ్రాసి పశువైద్యునికి చూపండి. గుణమిచ్చినా చెప్పండి, ఇవ్వకపోయినా చెప్పండి. దాచిన మందు నుండి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

5. ఒకే మేత తిన్న పశువులు రెండు మూడు ఒకే విధంగా జబ్బుపడితే, మేత మార్చి, పాత మేతలో కొంత విడిగా దాచి ఉంచండి. సంఘం కార్యదర్శి ద్వారా పశువైద్యునికి కబురు చేయండి. డాక్టరు వచ్చేసరికి వాము ఖాళీ అయిపోతే కారణం చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ వ్యాసాన్ని కార్యదర్శులు పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా మనవి. వానలు మొదలుకాక ముందే ప్రతి సభ్యుడూ తన గడ్డివామును ఒకసారి చూచుకుని, అడుగున తడి చేరకుండా ఎత్తు చేసుకోవడం మంచిది.