పెళ్ళి రిహార్సల్

వివాహానికి ముందు వధూవరులు, ఇరుపక్షాల పెద్దలు కలసి పెళ్ళినాటి కార్యక్రమాన్ని ఒకసారి నడిపి చూసుకొనుటను '''పెళ్ళి రిహార్సల్''' అంటారు. ఇది పాశ్చాత్య దేశాల క్రైస్తవ వివాహాలలో స్థిరపడిన పద్ధతి. సాధారణంగా ముందురోజున చర్చిలోనే జరుగుతుంది. ఎవరి వెనుక ఎవరు నడవాలి, ఎక్కడ నిలబడాలి, ఉంగరాలు ఎవరి వద్ద ఉండాలి అన్నవి సరిచూస్తారు. అమెరికాలో ఆ రాత్రి ఉభయ కుటుంబాల విందు కూడా ఉంటుంది.

== జమ్మికుంట ప్రాంతంలో ==

ఇక్కడి హిందూ వివాహాలలో ఈ పేరుతో ప్రత్యేకమైన తంతు లేదు. మంత్రాలను పురోహితుడు చెప్పిస్తాడు, మిగిలినవి ముత్తైదువలు అందిస్తారు. కనుక వధూవరులు ముందుగా నేర్వవలసింది తక్కువే. చిక్కంతా ముహూర్తంతోనే. జీలకర్ర బెల్లం తలపై ఉంచే సమయం నిమిషాలతో సహా శుభలేఖలో అచ్చవుతుంది. అది దాటిపోతే పెద్దల మనసులో ఆ వెలితి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. కాబట్టి ఇక్కడ ముందుగా సరిచూసుకోవలసింది తంతు కంటే కాలాన్ని.

దేవుని కల్యాణంలోనూ ఇంతే. ఒకప్పుడు జమ్మికుంట మండలంలో ఉండి, 2016లో వేరే మండల కేంద్రమైన ఇల్లందకుంటలో శ్రీరామనవమికి సీతారామ కల్యాణం జరుగుతుంది. భద్రాచలంలోనైతే తలంబ్రాలు కలిపే పని ఫాల్గుణ పౌర్ణమినాడే మొదలవుతుంది. కల్యాణానికి ముందురోజు సాయంత్రం ఎదుర్కోలు ఉత్సవంలో అర్చకులు రెండు పక్షాలై సీతారాముల వంశాల గొప్పను వాదించుకుంటారు. మరునాటి మధ్యాహ్నం అభిజిత్ లగ్నానికి కల్యాణం.

== నిర్వహణ ==

సమయాన్ని సుముహూర్తం నుండి వెనుకకు లెక్కించాలి. సుముహూర్తం ఉదయం 10 గంటల 42 నిమిషాలకు అనుకుందాం. గణపతి పూజకు, కాళ్ళు కడుగుటకు సుమారు గంట పడుతుంది గనుక వరుడు 9:30కే మండపంలో ఉండాలి. విడిది పది నిమిషాల దూరంలోనే ఉన్నా, డప్పుల ముందు యువకులు ఆట మొదలుపెడితే గంట ఇట్టే గడచిపోతుంది. కనుక 8:30కి బయలుదేరవలసిందే. జమ్మికుంట రైల్వేస్టేషను కాజీపేట - బల్లార్షా మార్గంలో ఉన్నది. రైలులో వచ్చే పెళ్ళివారు ముందురాత్రికే విడిదికి చేరుట క్షేమం, ఉదయపు బండిని నమ్ముకోరాదు.

ముందురోజు సాయంత్రం పురోహితుని ఎదుట పుస్తెలు, మట్టెలు, మధుపర్కాలు, తలంబ్రాలు, అడ్డుతెర, ఐరేని కుండలు ఒక్కొక్కటి చూసి, ప్రతి వస్తువునూ పేరుపెట్టి ఒక్కరికే అప్పగించాలి. పుస్తెలున్న పెట్టె మండపంలోనూ, దాని తాళంచెవి గల మేనత్త విడిదిలోనూ ఉండుట పెళ్ళిళ్ళలో అరుదేమీ కాదు.

వధువును తీసుకువచ్చే మేనమామకు, వంటవారికి, మేళగాళ్ళకు ఇవే వేళలు చెప్పాలి. ఫోటోలు తీసేవారికి మరీ గట్టిగా చెప్పాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో చేతులు ఆపి కెమెరా వైపు చూడమనుట ఇటీవల మామూలైపోయింది. ఆ క్షణాన ఎవరినీ ఆపరాదని ముందురోజే పురోహితుని చేతనే చెప్పిస్తే మాట నిలుస్తుంది. ఇంటివారు చెబితే నిలుచుట కష్టం.